ఇంటి బీమాలో సైకిలునకు గల స్థానము

బీమా యను మాట మన అనంతపురము సీమ రైతులకు క్రొత్తది కాదు. 1985లో సమగ్ర పంటల బీమా పథకము వచ్చినది మొదలు, పంట ఋణము తీసికొన్న వేరుసెనగ రైతు చాలకాలము ఏదో యొక రూపమున ప్రీమియము చెల్లించినాడు. ఆవునకు బీమా చేయించి చెవికి బిళ్ల వేయించుటయు మనకు తెలిసినదే. కాని యింటికిని, ఇంటిలోని సామానునకును బీమా చేయించు నలవాటు మన గ్రామములలో మిక్కిలి తక్కువ. పట్టణములలో నిల్లు కట్టుకొన్నవారు బ్యాంకువారి నిర్బంధముచే పాలసీ తీసికొందురే గాని, దానిలో నేమి వ్రాసియున్నదో చదివినవారు అరుదు.

ఇట్టి స్థితిలో నొక క్రొత్త ప్రశ్న బయలుదేరినది. బెంగుళూరులో నుద్యోగము చేయు పిల్లలును, పెనుకొండ చెంత 2019లో కారుల తయారీ నారంభించిన కర్మాగారమునకు పనికి పోవు యువకులును, గేర్లు గల సైకిళ్లను, బ్యాటరీ సైకిళ్లను కొని యిండ్లకు తెచ్చుచున్నారు. ఒక్కొక్కటి 40,000 రూపాయలు, 50,000 రూపాయలు వెల గలది; లక్షకు మించినవియు లేకపోలేదు. పాడియావు వెలకు తీసిపోని వస్తువు వసారాలో గోడకు జేరవేయబడి యుండును. ఆవునకు చెవిబిళ్ల కలదు, పలుపు కలదు, రాత్రి కావలి కలదు. సైకిలునకు సన్నని గొలుసొక్కటే గతి. “ఇంటికి బీమా యున్నది గదా, సైకిలు పోయినను డబ్బు వచ్చును గదా?” యని యడుగువారి కీ వ్యాసము.

ముందే సమాధానము చెప్పుట మంచిది. ఇంటి బీమాలో సైకిలునకు చోటు కలదు. కాని సైకిలు పోవుటకు సామాన్యముగా నెద్ది కారణమో, అట్టి దొంగతనమునకు మాత్రము నేడు దేశమంతటను అమ్మబడు ప్రామాణిక గృహబీమా పాలసీ బాధ్యత వహింపదు. ఆ లోటును వేఱుగ నడిగి పూరించుకొనవలయును. అడుగనివారికి అది దొరకదు.

దీనిని తెలిసికొనుటకు పంటల బీమాకును వస్తువుల బీమాకును గల భేదమును మొదట గ్రహింపవలయును. పంటల బీమాలో సామాన్యముగ కంపెనీవారు మీ చేనిని చూడరు. 2016లో నారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, గ్రామమునో మండలమునో యొక యూనిటుగా గైకొని, అచ్చట పంటకోత ప్రయోగములు జరిపి, సగటు దిగుబడి ఇంతకు తగ్గినచో యూనిటులోని వారందఱికిని పరిహార మిత్తురు. వర్షమును బట్టి యిచ్చు బీమాలో నది కూడ లేదు. వర్షమాపకములోని లెక్కయే ప్రమాణము. ఇట్టి వర్షాధార బీమాను మన దేశమున మొట్టమొదట 2003లో మహబూబునగరు జిల్లాలో వేరుసెనగ, ఆముదము పండించు రైతులకే యిచ్చిరి. ఈ పద్ధతిలో నీ చేను ఎండినను యూనిటు సగటు బాగుండినచో నీకు పైకము రాదు. నీ చేను పండినను సగటు పడిపోయినచో వచ్చును. ఈ విచిత్రమునకు మనము నలువది సంవత్సరములుగా నలవాటు పడితిమి. అందువలన బీమా సొమ్మన్నది ప్రభుత్వము వారిత్తురో యియ్యరో యను నొక యదృష్టముగ మనలో పలువురు తలంచుచున్నారు.

ఇంటి బీమా యట్టిది కాదు. అచ్చట సగటు లేదు. ఇరుగుపొరుగుల నష్టముతో నిమిత్తము లేదు. నీ వస్తువు, నీ యిల్లు, నీకు జరిగిన సంఘటన, నీ పాలసీలోని వాక్యము — ఈ నాలుగే ప్రధానము. ప్రభుత్వ ప్రకటన కొఱకు కనిపెట్టుకొని యుండ నక్కరలేదు. కాని పాలసీలో లేని మాటను ఏ యధికారియు చేర్పజాలడు. కావున చదువుట యను శ్రమ తప్పదు.

బీమా నియంత్రణ సంస్థ వారు 2021 ఏప్రిల్ 1వ తేదీ నుండి “భారత్ గృహ రక్ష” యను ప్రామాణిక పాలసీని ప్రవేశపెట్టిరి. అగ్నిప్రమాద బీమా వ్యాపారము చేయు కంపెనీలు దీనిని తప్పక యమ్మవలయును. ఏ కంపెనీ యొద్ద కొన్నను మూలమైన షరతులు ఒక్కటియే. ఇంటి కట్టడమునకు బీమా చేయించినచో, ఆ మొత్తములో నూటికి 20 వంతున, 10 లక్షల రూపాయలకు మించకుండ, ఇంటిలోని సాధారణ సామానునకు జాబితా లేకయే రక్షణ వచ్చును. అనగా 10 లక్షలకు ఇంటిని బీమా చేసినవారికి 2 లక్షల మేరకు సామానుపై రక్షణ యున్నట్లే. అంతకు మించి కావలసినవారు సామాను వివరములు వ్రాసి యియ్యవలయును. అద్దె యింటిలోని వారు సామానునకు మాత్రమే పాలసీ తీసికొనవచ్చును.

అగ్ని, పిడుగు, గాలివాన, వరద, భూకంపము, అల్లరులు మొదలగువానివలన గలుగు నష్టమునకు ఈ పాలసీ బాధ్యత వహించును. “కరవు సీమలో వరదకు బీమా యేల?” యని నవ్వువారు 2022 అక్టోబరును జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. ఆ నెలలో అనంతపురము పట్టణమున నడిమివంక పొంగి, ఎన్నో కాలనీలలో నిండ్లలోనికి నీరు జొచ్చినది. అంతకు ముందటి సంవత్సరము నవంబరులో చిత్రావతి పొంగినది. సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ నేలలో, ఆ వాన యొక్కొక్కప్పుడు రెండు రాత్రులలోనే కురిసిపోవును. వంకలు పూడి, వాని గట్లపై నిండ్లు లేచిన పిమ్మట నీటికి దారి యేది? నీటిలో రెండు దినములు నానిన సైకిలు ఇరుసులును గేర్లును త్రుప్పు పట్టి చెడిపోవును. ఇట్టి నష్టమునకు గృహ రక్షలో పరిహారము కోరవచ్చును.

ఇఁక లోటు సంగతి. ఈ పాలసీలో దొంగతనమను మాట లేకపోలేదు. కాని దాని ప్రక్కన నొక షరతు కలదు. పైన చెప్పిన ప్రమాదములలో నేదైన జరిగి, దాని కారణముచేతనే, ఆ పిమ్మట 7 దినములలోపల దొంగతనము జరిగినచో మాత్రమే పరిహారము. వరదకు భయపడి కుటుంబము ఇల్లు విడిచి బంధువుల యింటికి పోయినది, నాలుగవనాడు వచ్చి చూడగా సైకిలు లేదు — అట్టిచోట పాలసీ పని చేయును. ఏ వరదయు లేని వేసవి రాత్రి మిద్దెపై నందఱును నిద్రించుచుండగా క్రింద వసారాలోని సైకిలును ఎత్తుకొనిపోయినచో, పని చేయదు. సైకిళ్లు సామాన్యముగ పోవునది రెండవ విధముననే యని వేఱుగ చెప్ప నక్కరలేదు.

అంతే కాదు. ఇంటినుండి మఱియొక చోటికి తీసికొనిపోయిన వస్తువునకు కలుగు నష్టము ఆ పాలసీకి వెలుపలిది. కుర్చీ, బీరువా ఇల్లు కదలవు గనుక వానికి ఈ షరతు బాధింపదు. సైకిలు పుట్టినదే ఇల్లు విడిచి పోవుటకు. బజారులో, రైలు స్టేషను వద్ద, కళాశాల గేటు ముందర పోయిన సైకిలుకు ఇంటి పాలసీలో దారి లేదు. ఎప్పుడు పోయినదో, ఎట్లు పోయినదో తెలియక, “కనబడుట లేదు” అని మాత్రమే చెప్పగల వస్తువునకును పరిహారము లేదు. ఒక నిశ్చితమైన సంఘటనను చూపవలయును. వీనికి తోడు, పాలసీలో ప్రత్యేకముగ వ్రాయించినగాని రక్షణ లేని వస్తువుల వరుసలో నాణెములు, పత్రములతో బాటు వాహనములును పేర్కొనబడియున్నవి. తొక్కుడు సైకిలు ఇంటి సామానా, వాహనమా? వాదించుట కిరుప్రక్కలను మాటలు దొరకును. నష్టము జరిగిన పిదప ఆ వాదమున దిగుటకంటె, పాలసీ తీసికొనునపుడే “సైకిలు — ఒకటి” యని తయారుచేసిన సంస్థ పేరు, సంఖ్య, వెలలతో వ్రాయించుకొనుట యెంతో సుఖము. ఒక్క పంక్తి పని.

దొంగతనమునకు రక్షణ కావలయునన్న రెండు మార్గములు కలవు. మొదటిది గృహ రక్షకు కన్నపుదొంగతనపు బీమాను చేర్చుకొనుట. ఇచ్చట నొక సూక్ష్మము. బీమా భాషలో నీ మాటకు, తాళము పగులగొట్టియో, గోడకు కన్నము వేసియో, బలప్రయోగముతో లోపలికి వచ్చి గాని బయటికి పోయి గాని దొంగిలించుట యని యర్థము. తలుపు తెఱచి యుండగా లోనికి వచ్చి చేతికందినది పట్టుకొనిపోవుట అందులో చేరదు. కొన్ని కంపెనీల పాలసీలలో సాధారణ దొంగతనమును జేర్చి వ్రాయుదురు, కొన్నింటిలో వ్రాయరు. మన యిండ్లలో సైకిలుండు చోటెక్కడ? అరుగుమీద, వాకిట వేపచెట్టు క్రింద, పశువుల కొట్టములో. ఇవి తాళము పడు చోట్లు కావు. కనుక కన్నపుదొంగతనపు బీమా యున్నను, సైకిలును రాత్రివేళ తాళము వేసిన గదిలో నుంచనివారి కది నిరుపయోగమే. కుటుంబములోని వారుగాని పనివారుగాని చేసిన దొంగతనమునకు సైతము సామాన్యముగ పరిహారముండదు.

రెండవ మార్గము పాతది. పాతదైనను సైకిలునకు మిక్కిలి తగినది. 1973 జనవరి 1వ తేదీన మన దేశమున సాధారణ బీమా వ్యాపారము జాతీయము చేయబడి, 107 సంస్థలు నాలుగు కంపెనీలుగా కూర్పబడెను. వానిలో మదరాసు కేంద్రముగా నేర్పడిన యునైటెడ్ ఇండియా కంపెనీలో 12 స్వదేశీ కంపెనీలును, 5 విదేశీ కంపెనీల శాఖలును, వానితో బాటు 4 సహకార బీమా సంఘములును విలీనమైనవి. సహకారోద్యమము బీమా రంగమున నొకప్పుడు కాలు మోపియుండెనని మన సభ్యులలో నెందఱికో తెలియదు గనుక ఈ సంగతిని ఇచ్చట చెప్పితిని. ఈ నాలుగు కంపెనీలవారు గృహస్థుల కొఱకు ఒక సంయుక్త పాలసీని నడపిరి. దానిలో అగ్ని, కన్నపుదొంగతనము, నగలు, అద్దములు, గృహయంత్రములు, ప్రయాణపు సామాను మున్నగు విభాగములతో పాటు తొక్కుడు సైకిలున కొక ప్రత్యేక విభాగ ముండెను. రైతుల కొఱకు ఏర్పడిన సంయుక్త పాలసీలలోను పంపుసెట్టు, ఎద్దులబండి, పశువుల సరసన సైకిలు చేరినది. అనగా సైకిలును ఇంటి బీమాలో జేర్చుట పట్నవాసపు క్రొత్త మోజు కాదు. ఎద్దులబండితో సమానముగా నెంచి పెద్దలు ఏనాడో చేసిన యేర్పాటు.

ఆ విభాగము యొక్క విశేష మేమనగా, అది సైకిలును ఇంటి సామానుగా గాక సైకిలుగానే చూచును. అగ్ని, దొంగతనము, దారిలో జరుగు ప్రమాదము — వీనివలన సైకిలునకు గలుగు నష్టమే గాక, మీ సైకిలు తగిలి పరులకు గాయమైనను, వారి వస్తువు చెడినను, చట్టరీత్యా మీరు చెల్లింపవలసిన మొత్తమును కొంత పరిమితిలోపల కంపెనీ భరించును. ఈ రెండవ ప్రయోజనమును ఎవరును గుర్తింపరు. నేడు వేగముగ పోవు గేరు సైకిలు ముసలివానికి తగిలి తుంటి యెముక విఱిగినచో, ఆసుపత్రి ఖర్చు సైకిలు వెలకు పదిరెట్లు కావచ్చును. మోటారుబండికి ఈ బీమా నిర్బంధము; సైకిలునకు నిర్బంధము కాదు గనుకనే మనము దాని మాట తలపెట్టము.

ఈ విభాగమునకును హద్దులు కలవు. సైకిలును అద్దెకిచ్చినను, పందెములలో వాడినను రక్షణ పోవును. సైకిలుండగా దాని దీపమునో, గంటనో, పంపునో మాత్రమే యెవరైన ఊడదీసికొనిపోయినచో పరిహారము లేదు. సైకిలుతో కలిసి పోయినపుడే వానికి లెక్క. అరుగుదల, త్రుప్పు, యంత్రలోపము లెక్కకు రావు. మన చేలగట్లపై పల్లేరుకాయలును తుమ్మముండ్లును టైర్లకు చేయు నష్టమును ఏ కంపెనీయు భరింపదు. భరించునట్లైన ఆ కంపెనీ ఒక్క వేసవిలో దివాలా తీయును!

నేడు పాలసీల రూపములు మాఱినవి. సైకిలు విభాగము కొన్ని కంపెనీలలో సంయుక్త పాలసీలో భాగముగ నున్నది. కొన్ని కంపెనీలు సైకిలునకే వేఱుగ చిన్న పాలసీల నమ్ముచున్నవి. ఏజెంటు తనంతట తాను ఈ ప్రసక్తి తేడు, ఏలనన ప్రీమియము కొంచెము గనుక నతనికి వచ్చు కమీషను టీ ఖర్చుకును చాలదు. మీరే అడుగవలయును. అడుగవలసినవి మూడు మాటలు: ఇల్లు దాటిన పిదప రక్షణ కలదా, తాళము పగులగొట్టని దొంగతనము చేరునా, పరులకు గలిగిన హాని చేరునా. మూడింటికిని నోటిమాట గాక, పాలసీలో నే పుటలో నున్నదో చూపింపు మని కోరవలయును.

ఇతర దేశముల పద్ధతి తెలియుట మంచిది. ఇంగ్లండులో ఇంటి సామాను పాలసీకి సైకిలును అదనముగ చేర్చుకొనుట వాడుక. కాని యొక్కొక్క సైకిలునకు వెల పరిమితి యుండును, దానికి మించినచో పేరు చెప్పి వ్రాయింపవలయును. బయట నిలిపినపుడు కదలని స్తంభమునకు తాళముతో బంధింపనిచో పరిహారము రాదు. సైకిళ్లకు పుట్టినిల్లు వంటి నెదర్లాండ్సు దేశమున, దొంగిలింపబడిన సైకిలు తాళపుచెవులను రెండింటిని తెచ్చి చూపు మని కంపెనీ యడుగుట కలదు. ఒక్కటియే యున్నచో, రెండవది తాళములోనే మఱచిపోతివని యనుమానము. మన కంపెనీలు ఈ యాచారమును గైకొన్నను ఆశ్చర్యము లేదు. రెండవ తాళపుచెవిని పెట్టెలో దాచుడు.

వెల వ్రాయించు విషయమున మనవారు రెండు విధముల నష్టపోవుదురు. కొందఱు ప్రీమియము తగ్గునని తక్కువ వెల వ్రాయింతురు. సంయుక్త పాలసీలలో దీనికి కోత కలదు. 40,000 రూపాయల సైకిలును 20,000కు వ్రాయించితి మనుకొందము. దారిలో పడి 10,000 రూపాయల మరమ్మతు వచ్చినది. సగము వెలకే బీమా గనుక సగము నష్టమే యిత్తుము, తక్కిన సగమునకు నీవే బీమాదారుడవు అని కంపెనీ 5,000 మాత్రమే యిచ్చును. 10,000 రూపాయలు 20,000కు లోబడియే యున్నవి గదా యని వాదించినను ప్రయోజనము లేదు. 2021 నాటి గృహ రక్షలో ఈ కోత తీసివేయబడినది. అది మేలైన మార్పు. కాని సైకిలు విభాగము వేఱుగ తీసికొన్నచో దాని షరతులు వేఱు. మఱికొందఱు కొన్ననాటి వెలనే ఐదేండ్ల పిమ్మటను వ్రాయించుచుందురు. కంపెనీ యిచ్చునది ఆనాటి విపణి విలువను బట్టియే గనుక, అధికముగ కట్టిన ప్రీమియము వృథా. ప్రతి సంవత్సరము పాలసీని పొడిగించునపుడు వెలను సరిచూచుకొనవలయును.

సామాన్యమైన నల్ల సైకిలునకు, అనగా ఆఱేడు వేల రూపాయల దానికి, ప్రత్యేక బీమా యవసరమని నేను చెప్పను. ఆ డబ్బుతో గట్టి తాళము కొనుట మేలు. 1969లో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమున స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ వారును, ప్రభుత్వము వారును బడిపిల్లలగు బాలికలకు సైకిళ్లను ఉచితముగ నిచ్చియున్నారు. వానికి వెల రసీదు లేదు గనుక వెల నిరూపించుట కష్టము. కాని ఆ సైకిలు పోయినచో బాలిక చదువే నిలిచిపోవు కుటుంబము లున్నవి. అట్టివారు సైకిలు ఇచ్చిన నాటి కాగితమును, సైకిలు సంఖ్యను దాచిపెట్టుకొనినచో పోలీసుల యొద్దనైన నుపయోగపడును.

సంఖ్య యన్న మాట వచ్చినది గనుక చెప్పెదను. పశువుల బీమాలో చెవిబిళ్ల లేనిదే క్లెయిము లేదను నియమము మనకు కంఠస్థము. చచ్చిన ఆవు చెవిని బిళ్లతో సహా చూపింపవలసి యుండును. సైకిలునకును చెవిబిళ్ల వంటిది పుట్టుకతోనే కలదు. పెడళ్లు తిరుగు ఇరుసు క్రింద, చట్రమును బోర్లించి చూచినచో, ఇనుముపై కొట్టిన అంకెలు కనబడును. ఒక్కొక్క దానిలో ఆసనపు స్తంభమునకు దిగువ నుండును. బురదను తుడిచి ఆ యంకెలను వ్రాసికొనుడు. సెల్‌ఫోనుతో పటము తీయుడు. ప్రపంచములో ఆ రంగు సైకిళ్లు వేలున్నను, ఈ యంకె గలది మీదొక్కటియే యని చూపుటకు ఇదియే సాధనము. పూర్వము మునిసిపాలిటీలవారు సైకిలునకు పన్ను గట్టించుకొని బిళ్ల యిచ్చెడివారు. ఆ బిళ్ల కొంత గుర్తుగ పనికి వచ్చెడిది. ఇప్పుడదియు లేదు.

అంకె తరువాత ముఖ్యమైనది రసీదు. ఇఫ్కో వారి ఎరువు సంచి కొన్న రైతునకు సంకటహరణ యను ప్రమాద బీమా కలదని మన సంఘ సభ్యులకు తెలియును. అచ్చట సంచి రసీదే పాలసీ. రసీదును పాఱవేసినవాని కుటుంబమునకు నిరూపణ దుర్లభము. సైకిలు కొన్నప్పుడును పన్ను లేకుండ నిచ్చెదను, రసీదు వలదని దుకాణదారు డనుట కలదు. ఆ తగ్గింపునకు ఆశపడి రసీదును వదలుకొన్నవారు బీమా హక్కును సగము వదలుకొన్నట్లే. ఎవరి పేర రసీదున్నదో వారి పేరనే, లేదా వారితో నివసించు కుటుంబ పెద్ద పేరనే పాలసీ యుండునట్లు చూచుకొనవలయును. బెంగుళూరులోని కుమారుని పేర రసీదు, గుత్తిలోని తండ్రి పేర ఇంటి పాలసీ, సైకిలు మాత్రము ఆరునెలలక్కడ ఆరునెలలిక్కడ — ఇట్లున్నచో ఏ యింటి సామానో తేల్చుట కంపెనీకి కష్టమై, ఆ కష్టము మీపై పడును. రాకపోకలు చేయు సైకిలునకు వేఱుగ పాలసీ తీసికొనుటయే సరి.

ఇప్పుడు మన సీమకు ప్రత్యేకమైన విషయము నొకదానిని గట్టిగ చెప్పవలసియున్నది. వానలు తప్పిన యేట మన పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే బెంగుళూరు మొదలగు నగరములకు కూలికై తరలిపోవును. ఇంటికి తాళము పడును. ముసలివా రుండిన ఉందురు, లేకున్న లేదు. పాత అగ్నిబీమా పాలసీలలో నొక షరతుండెను: ఇల్లు వరుసగ 30 దినములకు మించి నివాసము లేక యుండినచో, కంపెనీ సమ్మతిని ముందుగ పాలసీపై వ్రాయించుకొననిచో, రక్షణ నిలిచిపోవును. కన్నపుదొంగతనపు బీమాలలో దీనివంటి షరతు నేటికిని కలదు. దినముల సంఖ్య కంపెనీకొక విధముగ నుండును. ఇల్లు తాళము వేసి యున్నపుడే గదా దొంగ వచ్చునది! ప్రీమియము కట్టినది సంవత్సరమునకు, రక్షణ లభించినది ఎనిమిది నెలలకు అను స్థితి దీనివలన ఏర్పడును. పనికి తరలువారు పోవుటకు ముందు కంపెనీకి ఒక ఉత్తరము వ్రాసి, ఇల్లు ఇన్నాళ్లు ఖాళీగ నుండునని తెలిపి, వారి సమ్మతిని వ్రాతమూలముగ పొందవలయును. అది దొరకనిచో, విలువగల సైకిలును నివాసమున్న బంధువు ఇంట నుంచి, ఆ యింటి చిరునామాను పాలసీలో చేర్పించుట మేలు.

ఇంటి కట్టడమును గూర్చి సైతము నిజమునే వ్రాయవలయును. ప్రామాణిక పాలసీలో గడ్డి, ఆకు, వెదురు, చెక్కపలకలు, టార్పాలిను వంటి వానితో గోడలుగాని కప్పుగాని గలది కచ్చా కట్టడము. రాతిగోడల మట్టిమిద్దె యీ జాబితాలోనిది కాదు. కాని మిద్దెకు ముందు బోదగడ్డి చావడి యున్నచో దానిని దాచరాదు. సైకిలు చావడిలో నుండి కాలిపోయి, పాలసీలో చావడి ప్రస్తావనయే లేనిచో చిక్కు తప్పదు.

బ్యాటరీ సైకిళ్ల సంగతి మఱింత చిత్రము. 250 వాట్ల లోపు శక్తియు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగమును గల బ్యాటరీ బండిని కేంద్ర మోటారు వాహన నిబంధనలు మోటారు వాహనముగ నెంచవు. దానికి రిజిస్ట్రేషను లేదు, నిర్బంధ బీమాయు లేదు. కనుక మోటారు బీమా కంపెనీ దానిని చూడదు. ఇంటి బీమావారు వాహనమని సందేహింతురు. అందువలన నిట్టిదానిని పాలసీలో ప్రత్యేకముగ పేర్కొనుట సాధారణ సైకిలుకంటెను ఆవశ్యకము. రాత్రి ఇంటిలో చార్జికి పెట్టినపుడు బ్యాటరీ వేడెక్కి మంట పుట్టినదనుకొందము. విద్యుద్యంత్రము తనంతట తాను వేడెక్కుటచే గాని, తీగెలు కలియుటచే గాని కాలినచో, ఆ యంత్రమునకు మాత్రము పరిహారము లేదు. దాని మంట వ్యాపించి కాలిన ఇంటికిని, తక్కిన సామానునకును కలదు. అనగా 60,000 రూపాయల సైకిలు పోయినట్లే, దాని ప్రక్కనున్న వేరుసెనగ కాయల మూటల ప్రక్క మంచము, బీరువాలకు మాత్రము డబ్బు వచ్చును. కాయల మూటలకో యన, అవి గృహోపయోగపు సామాను కావు, అమ్మకపు సరకు. వానికి వేఱు బీమా. కావున చార్జి పెట్టు చోటు పడకగదికిని, గడ్డివాముకును, పంట నిలువకును దూరముగ నుండవలయును.

సైకిలు పోయినపుడు చేయవలసినది జాగు లేక చేయవలయును. మొదట పోలీసు స్టేషనులో వ్రాతపూర్వకమైన ఫిర్యాదు. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము 5,000 రూపాయలకు తక్కువ వెలగల వస్తువు యొక్క సామాన్య దొంగతనమును పోలీసులు న్యాయాధికారి యాజ్ఞ లేక దర్యాప్తు చేయుటకు వీలులేదు. అంతకు మించిన వెల గలదని రసీదుచే చూపినచో ప్రథమ సమాచార నివేదికను నమోదు చేయవలసినదే. నేరము జరిగిన చోటు తమ పరిధిలోనిది కాదని త్రిప్పి పంపరాదు. ఆ నివేదిక ప్రతిని ఉచితముగ పొందు హక్కు ఫిర్యాదికి కలదు. అదేనాడు కంపెనీకి ఫోనులో చెప్పి, ఉత్తరమో ఈమెయిలో పంపవలయును. ఎప్పుడు చివర చూచితిరి, ఎక్కడ నుంచితిరి, తాళమెట్లు వేసితిరి, ఎప్పుడు లేదని గ్రహించితిరి — ఈ నాలుగింటిని పోలీసులకును కంపెనీకిని ఒక్కటే విధముగ వ్రాయుడు. ఒకచోట “వసారాలో” అనియు మఱియొకచోట “గదిలో” అనియు వ్రాసి, నిజమైన క్లెయిమును తామే పాడుచేసికొన్నవారు లేకపోలేదు. విఱిగిన తాళమును పాఱవేయక దాచుడు. సర్వేయరు వచ్చువఱకు పడిన సైకిలును మరమ్మతు చేయింపకుడు.

కంపెనీ కాదన్నచో కారణమును వ్రాతమూలముగ కోరుడు. పాలసీలోని ఏ షరతు ననుసరించి కాదనిరో అందులో నుండవలయును. దానిపై కంపెనీ యందలి ఫిర్యాదుల అధికారికి వ్రాసి, ఒక నెలలో సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరముగ లేకున్నను, ఒక సంవత్సరము లోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మనుకు అర్జీ పంపవచ్చును. ఆంధ్రప్రదేశమునకును ఆ కార్యాలయమే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు; ఆయన తీర్పును కంపెనీ 30 దినములలో నమలు జరుపవలయును. అది యిష్టము లేనివారికి అనంతపురములోనే జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారములకు అచ్చటను దాఖలు రుసుము లేదు.